మీ బొమ్మలతో జిగ్‌సా పజిల్స్ అమ్మాలంటే ఏ దారి మేలు?

బొమ్మలు వేసేవాళ్లు జిగ్‌సా పజిల్స్ (ముక్కలుగా కోసి, మళ్లీ కలుపుకునే బొమ్మలు) అమ్మకంలోకి దిగేటప్పుడు ముందుగా ఏ బొమ్మ పెట్టాలా అని ఆలోచిస్తారు. నన్నడిగితే అది రెండో ప్రశ్న. పజిల్ ఎవరు కోస్తారు, అమ్ముడుపోని బాక్సులు ఎవరింట్లో పేరుకుంటాయి అన్నవి మొదట తేల్చుకోవాలి. కొనేవాళ్లు బొమ్మ చూసి కొంటారు. మళ్లీ మన దగ్గరకే వస్తారా లేదా అన్నది మాత్రం ముక్కలు చేతికి ఎలా తగిలాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ ముక్కల నాణ్యత మీద ఎంత పట్టు కావాలనుకుంటే అంత డబ్బు ముందే పెట్టాలి. ఎక్కడ ఆగాలో తేల్చుకోవడంలోనే కష్టమంతా ఉంది.

దారులు ముఖ్యంగా నాలుగు. ఆర్డర్ వచ్చాకే ఒక్కో పజిల్ ముద్రించి పంపే ప్రింట్ ఆన్ డిమాండ్ ఒకటి. ఫ్యాక్టరీలో ఒకేసారి వందల్లో చేయించుకోవడం రెండోది. లేజర్ మెషీన్ పెట్టుకుని చెక్క పజిల్స్ మనమే కోసుకోవడం మూడోది. బొమ్మ వాడుకునే హక్కు పజిల్ కంపెనీకి ఇచ్చి, అమ్మకాల మీద వాటా, అంటే రాయల్టీ తీసుకోవడం నాలుగోది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తవాళ్లకు ప్రింట్ ఆన్ డిమాండ్ మంచిదే, కానీ అది బొమ్మను పరీక్షించుకోవడానికే తప్ప అక్కడే స్థిరపడిపోవడానికి కాదు. ఏదో ఒక బొమ్మ పరిచయస్తులు కానివాళ్లు కూడా కొంటున్నారని తేలాక, ఆ ఒక్క బొమ్మతో ఫ్యాక్టరీకి వెళ్లాలి. లేజర్ మెషీన్ పని ఇష్టమైతేనే కొనాలి, లెక్కలు చూసుకుని కాదు.

ప్రింట్ ఆన్ డిమాండ్‌లో దాగి ఉన్న తేడాలు

ఈ పేరు కింద రెండు రకాల వ్యాపారాలు నడుస్తున్నాయి, వాటిని కలిపేసి చూడకూడదు. ప్రింటిఫై, ప్రింట్‌ఫుల్ లాంటివి తెర వెనక పనిచేస్తాయి. ఎట్సీ, షాపిఫై లాంటి ఆన్‌లైన్ అమ్మకపు వేదికల్లో షాపు మీది, ధర మీ ఇష్టం, కొన్నవాళ్లు మీ కస్టమర్లు. ముద్రించి, ప్యాక్ చేసి పంపడం వాళ్ల పని. రెడ్‌బబుల్, జాజిల్ అలా కాదు. షాపు వాళ్లది, అందులో మీ బొమ్మ ఒక మూల ఉంటుంది. అమ్మినదాంట్లో మీ వాటా మీకిస్తారు. చాకిరీ తక్కువే గానీ, కొన్నవాళ్లెవరో మీకు తెలియదు, రేపు కొత్త పజిల్ వచ్చిందని వాళ్లకు చెప్పే వీలు ఉండదు. పైగా నిబంధనలు మారితే మనం చేయగలిగేది ఏమీ లేదు. రెడ్‌బబుల్ 2023లో ఖాతాలను తరగతులుగా విడగొట్టి, కింది తరగతి వాళ్ల సంపాదన నుంచి ఫీజు కోయడం మొదలుపెట్టింది. చిన్నగా అమ్ముకునేవాళ్లకే ఆ దెబ్బ ఎక్కువ తగిలింది.

అందుకే మొదటి రకమే నా ఓటు. అయితే అక్కడా మెలికలున్నాయి. ప్రింటిఫైలో ఒకే వస్తువును వేర్వేరు ప్రింటర్లు తయారుచేస్తారు. ఒకరి అట్ట మందంగా ఉంటే ఇంకొకరిది పలచన. ఒకరు రేకు డబ్బాలో పెడితే ఇంకొకరు అట్టపెట్టెలో పెడతారు. ధర తక్కువని ఒకరిని ఎంచుకుని, సాంపిల్ మాత్రం ఇంకొకరి దగ్గర తెప్పించుకుంటే ఆ పరీక్షకు అర్థమే లేదు. ఎవరితో అమ్మదలచుకున్నారో వాళ్ల దగ్గరే సాంపిల్ తెప్పించుకోండి.

ముక్కల సంఖ్య కూడా వాళ్లు పెట్టిందే ఉంటుంది. 252, 520, 1014 లాంటి వింత అంకెలు కనిపిస్తాయి. కోతలో అడ్డవరసలను నిలువువరసలతో గుణిస్తే వచ్చే లెక్క అది. 18 ఇంటూ 14 అయితే 252. కంగారుపడక్కర్లేదు. 1000 ముక్కలని రాసి ఉన్న పజిల్స్‌లోనూ చాలావాటిలో 38 ఇంటూ 27, అంటే 1026 ముక్కలుంటాయి.

ఈ దారిలో అసలు ఇబ్బంది మార్జిన్, అంటే ఖర్చులు పోగా మిగిలేది. ఒక్కొక్కటిగా తయారవుతుంది కాబట్టి తయారీ ఖర్చే అమ్మే ధరలో పెద్ద ముక్క తినేస్తుంది. దాని మీద ఎట్సీ లావాదేవీ ఫీజు 6.5 శాతం ఉంటుంది, అది షిప్పింగ్ మీద కూడా పడుతుంది. ఆపైన పేమెంట్ ఛార్జీ, ప్రకటనలు పెడితే ఆ ఖర్చు. 1000 ముక్కల పజిల్ బాక్సుతో కలిపి ముప్పావు కిలో పైనే తూగుతుంది కాబట్టి ఒక్కటే పంపితే షిప్పింగ్ తడిసి మోపెడవుతుంది. ఈ పజిల్స్‌ను ఆటవస్తువుల షాపుకో పుస్తకాల షాపుకో హోల్‌సేల్‌గా ఇవ్వడం దాదాపు అసాధ్యం. షాపువాళ్లకు సగం ధరకు ఇవ్వాల్సి వస్తుంది, ఆ సగం తయారీ ఖర్చుకే సరిపోదు.

ఇంకో సంగతి బాక్సు. ప్రింట్ ఆన్ డిమాండ్‌లో మూత మీద బొమ్మ వేస్తారు, అంతే. వెనకవైపు మీ గురించి నాలుగు మాటలు, లోపల చూసుకుంటూ కలపడానికి పోస్టర్, మిగతా పజిల్స్ ఫోటోలు... ఇవేవీ సాధారణంగా కుదరవు. బహుమతిగా ఇవ్వడానికి కొనేవాళ్లు బాక్సునే ముందు చూస్తారు.

ఫ్యాక్టరీకి వెళ్తే

ఫ్యాక్టరీలో పని ఇలా జరుగుతుంది. బొమ్మను ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లతో పెద్ద సంఖ్యలో ముద్రించే పద్ధతిలో కాగితం మీద ముద్రించి, దాదాపు 2 మి.మీ. మందమున్న బూడిదరంగు అట్టకు అంటిస్తారు. చెక్క పలకలో సన్నటి స్టీలు బ్లేళ్లను వంచి బిగించిన డై ఉంటుంది. పెద్ద ప్రెస్ ఆ డైని అట్ట మీద నొక్కితే ముక్కలు పడతాయి. కొన్నిచోట్ల అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి, రెండు దెబ్బల్లో కోస్తారు. కొత్త డై చేయించడం ఖరీదైన పని కాబట్టి చిన్న వ్యాపారాలకు ఫ్యాక్టరీ దగ్గర ఉన్న డైలే వాడతారు. అంటే సైజు, ముక్కల ఆకారం ముందే నిర్ణయమైపోయి ఉంటాయి. కనీస ఆర్డర్ తరచుగా ఒక్కో బొమ్మకు 500 లేదా 1000 ఉంటుంది. డిజిటల్ ప్రింటింగ్‌తో 100 లోపు చేసిచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఒక్కోదాని ఖర్చు ఎక్కువ పడినా మొదటిసారికి అలాంటివాళ్లను వెతకడమే తెలివైన పని.

సైజు ముందే తెలుసుకోమనడానికి కారణముంది. 1000 ముక్కల పజిల్‌కు 70 ఇంటూ 50 సెం.మీ. బాగా వాడుకలో ఉన్న కొలత. పొడవును వెడల్పుతో భాగిస్తే 1.4 వస్తుంది. ఏ3, ఏ2 కాగితాల నిష్పత్తి 1.414 కాబట్టి వాటి మీద వేసిన బొమ్మ అంచుల్లో పెద్దగా ఏమీ పోకుండా సరిపోతుంది. చదరపు కాన్వాస్ మీద వేసిందైతే చదరపు డై ఉన్న ఫ్యాక్టరీ కావాలి, లేదంటే బొమ్మలో పావువంతుకు పైగా కత్తిరించేయాలి. సంతకం అంచుకు ఆనించి పెట్టే అలవాటున్నవాళ్లు కాస్త లోపలికి జరపాలి. చుట్టూ 3 మి.మీ. అదనంగా ఇవ్వమంటారు, కోత అటూ ఇటూ జరిగితే ఆ అంచే పోతుంది.

ఫైలు సంగతికొస్తే, 70 ఇంటూ 50 సెం.మీ. బొమ్మను 300 డీపీఐతో, అంటే అంగుళానికి 300 చుక్కలతో ముద్రించాలంటే 8268 ఇంటూ 5906 పిక్సెళ్లు కావాలి. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫోటోలో పొడవు 4032 పిక్సెళ్లే, అంటే సగం కూడా రాదు. ఏ3 బొమ్మను 600 డీపీఐతో స్కాన్ చేస్తే 9921 ఇంటూ 7016 వస్తుంది, నిశ్చింతగా సరిపోతుంది. స్క్రీన్ మీద మెరిసే నియాన్ ఆకుపచ్చ, గాఢమైన నీలం లాంటి రంగులు నాలుగు సిరాలతో చేసే సీఎంవైకే ముద్రణలో మందగిస్తాయి. డిజిటల్‌గా బొమ్మలు వేసేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి. ముద్రించిన ప్రూఫ్ (సరిచూసుకునే నమూనా) చేతికి వచ్చేదాకా రంగుల మీద సరే అనకండి.

ఇక స్టాకు. 500 బాక్సులనగానే కాగితం మీద అంకెలా ఉంటుంది. ఒక్కో బాక్సు 35 ఇంటూ 25 ఇంటూ 6 సెం.మీ., బరువు 800 గ్రాములు అనుకుందాం. 500 బాక్సులంటే 400 కిలోలు, రెండున్నర ఘనమీటర్ల పైనే. అంటే ఇంట్లో ఒక గదిలో మంచం పట్టే చోటంతా ఛాతీ ఎత్తు దాకా బాక్సులే. అట్ట తేమకు వంగుతుంది కాబట్టి గోడకు ఆనించి, నేల మీద పెట్టేయడం కుదరదు. రెండు బొమ్మలకు ఒకేసారి ఆర్డర్ పెట్టాలని మనసు లాగుతుంది. ఆగండి. ఒకటి అమ్ముడుపోయి రెండోది మిగిలిపోవడం మామూలే, ఏది మిగులుతుందో ముందు చెప్పలేం.

ధర లెక్కకు నేను నమ్మే సూత్రం ఒకటుంది. బాక్సు మీ గుమ్మం దాకా చేరడానికి అయిన మొత్తం ఖర్చు, అంటే తయారీ, రవాణా, సుంకం అన్నీ కలిపి, అమ్మే ధరలో నాలుగో వంతు దాటకూడదు. అమ్మే ధర 100 అయితే షాపుకు 50కి ఇస్తారు, అందులో 25 ఖర్చు, మిగిలిన 25లోంచే పాడైనవి, ఉచితంగా ఇచ్చిన సాంపిళ్లు, పన్ను, మీ శ్రమ అన్నీ వెళ్లాలి. నేరుగా మాత్రమే అమ్ముతాం, షాపులకు ఇవ్వం అనుకునేవాళ్లు మూడో వంతు దాకా సర్దుకోవచ్చు. కానీ 500 బాక్సులు కేవలం సొంతంగా అమ్మాలంటే చాలా ఓపిక కావాలి.

సాంపిల్‌ను ఎలా పరీక్షించాలి

ఈ విషయంలో ఎంత టైమ్ పెట్టినా వృథా కాదు. బాక్సు బాగుందని మురిసిపోయి ఫోటో తీసి పక్కన పెట్టేయకండి, కూర్చుని మొత్తం కలపండి.

ముందు ముక్కల్ని నల్లటి గుడ్డ మీద పొయ్యండి. ముక్కలు తీసేశాక గుడ్డ మీద బూడిదరంగు పొడి ఎంత మిగిలిందో చూడండి. కాస్త పొడి అన్నిట్లోనూ ఉంటుంది, గుప్పెడు ఉంటే మాత్రం డై పదును పోయిందనో అట్ట నాసిరకమనో అర్థం. ముక్కలు రెండేసి మూడేసి అతుక్కునే వస్తున్నాయంటే కోత పూర్తిగా దిగలేదు. పక్క ముక్కలో ఇరుక్కునే బొడిపెను వేలితో కొద్దిగా వంచి చూడండి, పై కాగితం అట్ట నుంచి లేచి వస్తే ఆ జిగురు నాలుగుసార్లు కలిపేసరికి వదిలేస్తుంది. ఆకాశమో నీళ్లో ఉన్నచోట ఒక ముక్కను కావాలనే తప్పు చోట పెట్టండి. అది ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుంటే కలిపేవాళ్లకు చివర్లో పిచ్చెక్కుతుంది. పజిల్స్ అలవాటున్నవాళ్లు క్షమించని లోపం ఇదే. పూర్తయ్యాక అంచు పట్టుకుని పైకెత్తండి, కొన్ని వరసలైనా విడిపోకుండా రావాలి. చివరగా దీపం కింద కూర్చుని వంగి చూడండి. గ్లాసీ పూత ఫోటోలో మెరుస్తుంది గానీ రాత్రిపూట లైటు కింద సగం బొమ్మను మింగేస్తుంది. మ్యాట్ పూతో, నార బట్టలా గరుకుగా ఉండే లినెన్ ఫినిషో అడగండి.

ముక్క తగ్గిందనే ఫిర్యాదు ఎప్పటికైనా వస్తుంది. బ్యాగుల్ని తూకం వేసి చూస్తామని ఫ్యాక్టరీవాళ్లు ధైర్యం చెబుతారు. లెక్క వేసి చూడండి. 70 ఇంటూ 50 సెం.మీ. అట్ట సుమారు 440 గ్రాములు, ఒక్కో ముక్క అర గ్రాము కూడా ఉండదు. అట్ట మందంలో ఒక్క శాతం తేడా వచ్చినా నాలుగు గ్రాములకు పైనే, అంటే పది ముక్కల బరువు. తూకం వేస్తే సగం ఖాళీ బ్యాగు దొరుకుతుంది, ఒక్క ముక్క తగ్గినది దొరకదు. కాబట్టి ప్రతి ముద్రణలో కొన్ని బాక్సులు అమ్మకుండా పక్కన పెట్టుకోండి. అదే డైతో, అదే విడతలో కోసిన పజిల్‌లో సరిగ్గా అదే ముక్క దొరుకుతుంది, కవరులో పెట్టి పోస్ట్ చేస్తే సరి. ప్రింట్ ఆన్ డిమాండ్‌లో ఈ వీలు లేదు, మొత్తం పజిల్ మళ్లీ పంపమని ప్రింటర్‌ను అడగడమే.

లేజర్ మోజు

చెక్క పజిల్స్‌కు వేరే లోకం ఉంది. అమెరికాలో 1974లో మొదలైన స్టేవ్ కంపెనీ ఇప్పటికీ రంపంతో చేత్తో కోయిస్తుంది. లేజర్‌తో కోసే కంపెనీల్లో బ్రిటన్‌లోని వెంట్‌వర్త్, అమెరికాలోని లిబర్టీ పజిల్స్ పేరున్నవి. వాళ్ల పజిల్స్‌లో పక్షి, చెట్టు, మనిషి లాంటి ఆకారాలున్న ముక్కలు మధ్యమధ్యలో వస్తాయి. ఆ ఆకారాలు బొమ్మలోని కథకు తగ్గట్టు మీరే గీసుకోవచ్చు. చిత్రకారులకు లేజర్ నచ్చేది ఇందుకే, ఆ మాటకొస్తే నాకూ ఇందుకే నచ్చుతుంది. స్టాకు బాధ లేదు, ఇవాళ ఒకటి, రేపు మూడు కోసుకోవచ్చు. ధర కూడా అట్ట పజిల్ కంటే బాగా ఎక్కువ పెట్టవచ్చు.

కానీ టైమ్ సంగతి చూడండి. 70 ఇంటూ 50 సెం.మీ. పలకను 40 ఇంటూ 25గా కోయాలంటే నిలువు గీతలు 39, అడ్డ గీతలు 24. తిన్నగా కోసినా 36 మీటర్లు దాటుతుంది. బొడిపెల వంపులు కలిస్తే 50 మీటర్ల పైమాటే. లేజర్ సెకనుకు 15 మి.మీ. కదిలితే గంట దాకా పడుతుంది, అదీ ఒక్క పజిల్‌కు. మెషీన్‌ను వదిలి వేరే పనికి వెళ్లడం కుదరదు, ప్లైవుడ్ అంటుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే లేజర్‌తో చేసేవాళ్లు 100 నుంచి 300 ముక్కల మధ్య ఉంటే హాయి. 3 మి.మీ. ప్లైవుడ్, ముక్కలు కాస్త పెద్దవి, పొగమరక పడకుండా పైన పేపర్ టేప్. కోశాక ఆ టేప్‌ను ఒక్కో ముక్క నుంచి ఒలవాలని మాత్రం ఎవరూ ముందు చెప్పరు. అంచుల నల్లదనం, కాలిన వాసన కూడా కొన్నాళ్లుంటాయి. కొందరికి ఆ వాసనే ఇష్టం, కొందరు వాపసు పంపుతారు.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. బొమ్మను వినైల్ స్టిక్కర్ మీద ముద్రించి చెక్కకు అంటించి లేజర్‌తో కోయకండి. వినైల్ అంటే పీవీసీ. అది కాలితే వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి వాయువులు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, మెషీన్‌ను తుప్పు పట్టిస్తాయి. కాగితం మీద ముద్రించి జిగురుతో అంటించండి, లేదా చెక్క మీదే యూవీ ప్రింట్ (సిరాను అతినీలలోహిత కాంతితో ఆరబెట్టే ముద్రణ) చేయించండి.

హక్కులిచ్చి రాయల్టీ తీసుకోవడం

జర్మనీలోని రావెన్స్‌బర్గర్, కెనడాలోని కాబుల్ హిల్ లాంటి కంపెనీలు చిత్రకారుల బొమ్మలు తీసుకుని పజిల్స్ వేస్తాయి. రాయల్టీ సాధారణంగా హోల్‌సేల్ ధర మీద 5 నుంచి 10 శాతం మధ్య మాట్లాడుకుంటారు. ఒక్కో బాక్సుకు చేతికొచ్చేది చిల్లరే, కానీ మీరు పెట్టే పెట్టుబడి సున్నా, వాళ్లు అమ్మే సంఖ్య మీరు కలలో కూడా అమ్మలేనిది కావచ్చు. ఇది చిన్న వ్యాపారం కాదు, వ్యాపారం వాళ్లకు వదిలేసి బొమ్మలే వేసుకోవడం. అలాంటి మనస్తత్వం ఉన్నవాళ్లకు ఇదే సరైన దారి.

ఒప్పందంలో చూడాల్సినవి: హక్కు పజిల్స్‌కు మాత్రమేనా, ఎన్నేళ్లు, ఏ దేశాల్లో, గడువు ముగిశాక మిగిలిన స్టాకు ఎన్నాళ్లు అమ్ముకోవచ్చు. ఆ బొమ్మను మీరిప్పటికే సొంతంగా అమ్ముతుంటే ముందే చెప్పండి. ప్రత్యేక హక్కు అడిగిన కంపెనీకి ఆ బొమ్మ ఇచ్చేశాక మీ షాపులో దాన్ని తీసేయాల్సిందే. అందుకని బాగా అమ్ముడుపోతున్న బొమ్మను కాక, అదే తరహాలో కొత్తది వేసి ఇవ్వడం మేలు.

పిల్లల పజిల్స్ విషయంలో

ఇక్కడ చట్టాలు అడ్డొస్తాయి, ఎక్కడ అమ్మితే అక్కడివి. అమెరికాలో 12 ఏళ్లు, అంతకంటే చిన్నపిల్లల కోసం చేసిన వస్తువులకు ల్యాబ్ పరీక్ష, సర్టిఫికెట్ కావాలి. భారత్‌లో 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. యూరోపియన్ యూనియన్ 2009 నాటి నిబంధనల్లో 500 ముక్కలు దాటిన పజిల్స్‌ను పిల్లల ఆటవస్తువుల లెక్కలోంచి తీసేశారు. గమనించండి, దాటినవి. 27 ఇంటూ 19గా కోసిన 513 ముక్కల పజిల్ దాటినట్టే, కచ్చితంగా 500 ఉన్నది దాటనట్టు. 24 పెద్ద ముక్కల కార్టూన్ కుందేలు పజిల్ మీద "పెద్దలకు మాత్రమే" అని రాస్తే చట్టం ఊరుకోదు. మొదటి ఏడాది పెద్దవాళ్ల పజిల్స్‌తోనే ఉండమని నా సలహా.

ఎవరికి ఏది

ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు బొమ్మలు వేసేవాళ్లు, ఇంట్లో చోటు లేనివాళ్లు ప్రింట్ ఆన్ డిమాండ్‌తో మూడు నాలుగు బొమ్మలు పెట్టి చూడండి. లాభం మీద ఆశ పెట్టుకోకండి, ఏ బొమ్మను పరిచయం లేనివాళ్లు కొంటున్నారో మాత్రం రాసి పెట్టుకోండి. స్నేహితులు, బంధువులు కొన్నవి లెక్కలోకి రావు.

మీ బొమ్మల కోసం ఎదురుచూసే జనం ఇప్పటికే ఉంటే, ప్రదర్శనల్లో ప్రింట్లు అమ్మిన అనుభవం ఉంటే, ప్రింట్ ఆన్ డిమాండ్‌లో సాగదీయడం దండగ. ముందస్తు ఆర్డర్లు తీసుకుని, ఆ డబ్బుతోనే ఫ్యాక్టరీకి వెళ్లండి. కనీస ఆర్డర్‌లో మూడో వంతుకైనా ముందస్తు డబ్బు రాకపోతే ఆర్డర్ పెట్టకుండా తిరిగి ఇచ్చేయండి, ఆ మాట ముందే పేజీలో రాయండి. బట్వాడా తేదీ చెప్పేటప్పుడు ఫ్యాక్టరీ చెప్పినదానికి రెండు నెలలు కలుపుకోండి. ప్రూఫ్ ఒకసారి వెనక్కి పంపినా, ఓడ ఆలస్యమైనా ఆ రెండు నెలలే ఆదుకుంటాయి.

బొమ్మలో మూడో వంతు ఖాళీ ఆకాశమో తెల్ల కాగితమో ఉన్న వాటర్ కలర్ చిత్రకారులు 1000 ముక్కల జోలికి పోకుండా 300 లేదా 500 దగ్గర ఆగాలి. సందుసందునా వివరాలు నింపే చేయి ఉన్నవాళ్లకు 1000 కూడా తక్కువే. రెండో ముద్రణకు వెళ్లేముందు మాత్రం మొదటిది ఎంత వేగంగా అయిపోయిందన్నది కాక, చివరి 100 బాక్సులు ఎంత వేగంగా వెళ్లాయన్నది చూడండి. మొదటివి మీ అభిమానులు కొన్నవి. చివరి వంద నెమ్మదిగా కదిలి ఉంటే అదే బొమ్మను మళ్లీ వేయించకుండా కొత్త బొమ్మకు వెళ్లడం మంచిది.